లెక్చరర్ ఉద్యోగం మానేసి పక్షుల మీద రాసుకుంటే ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది టెక్కలి. ఎమ్మెస్సీ జువాలజీ చేసి, శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. జీతం 32 వేలు. మా దగ్గరి తేలినీలాపురం పెలికాన్ పక్షుల మీద, మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల మీద పత్రికలకు రాస్తుంటాను. నిరుడు అలా 72 వేలు వచ్చాయి. ఉద్యోగం మానేసి సైన్స్ జర్నలిస్టుగా స్థిరపడాలని, సొంత ఖర్చుతోనైనా పక్షుల పుస్తకం వేయాలని ఉంది. మావారి జీతం 24 వేలు, ఇంటి ఖర్చు 36 వేలు. 5 లక్షల ఎఫ్‌డీ, లక్షన్నర గోల్డ్ లోన్ ఉన్నాయి. పాప ఆరో తరగతి. మానేయవచ్చా?

జవాబు: మానేయవచ్చు. ఈ ఏడాది మాత్రం వద్దు.

మీవారి జీతం పోగా ఇంటికి నెలకు 12 వేలు తక్కువ పడుతుంది. రాతల మీద సగటున 6 వేలు వస్తున్నాయి. గోల్డ్ లోన్ తీర్చేసి, మిగిలిన మూడున్నర లక్షల నుంచి నెలకు 6 వేలు తీసుకుంటే ఐదేళ్లకు కాస్త తక్కువగా సరిపోతుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ వ్యాసం అచ్చయిన రెండు మూడు నెలలకు గాని డబ్బు రాని సందర్భాలు మీకు తెలియనివి కావు. ఆ మధ్యలో ఎవరికైనా జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరితే లెక్కంతా తారుమారు.

అందుకే గోల్డ్ లోన్ ఎఫ్‌డీతో ఇప్పుడే తీర్చేయండి. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ కంటే దానికి కట్టేదే ఎక్కువ. ఇంకో ఏడాది ఉద్యోగంలో ఉంటే నెలకు 20 వేల చొప్పున 2.4 లక్షలు మళ్లీ జమవుతాయి. ఇంకో లాభం కూడా ఉంది: మీ పీఎఫ్‌లో పెన్షన్ వాటా జమవుతుంటే, పదేళ్లు నిండాక 58వ ఏట నుంచి పెన్షన్‌కు అర్హత వస్తుంది. పెన్షన్ లెక్కకు తీసుకునే 15 వేల జీతం పరిమితితో లెక్కేస్తే నెలకు సుమారు 2,100 రూపాయలే. చిన్న మొత్తమే, అయినా గడప దాకా వచ్చి వదులుకోవడం దేనికి?

పురుగుమందుల హాని మీద ‘సైలెంట్ స్ప్రింగ్’ రాసిన అమెరికా రచయిత్రి రేచెల్ కార్సన్ కూడా మీలాగే జువాలజీ చదివినావిడ. ఇంటి బరువు ఆమె మీదే ఉండేది. 1936లో అమెరికా ప్రభుత్వ మత్స్యశాఖలో చేరి, ఉద్యోగం చేస్తూనే పత్రికలకు రాశారు. 1941లో వచ్చిన మొదటి పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. 1951లో వచ్చిన రెండోది బాగా అమ్ముడయ్యాకే, 1952లో రాజీనామా చేశారు. ఆమె ధైర్యం గురించి అందరూ చెబుతారు గాని, నాకు నచ్చేది ఆ పదహారేళ్ల ఓపిక.

పుస్తకం మీద ఆశ పెట్టుకోండి, బడ్జెట్ పెట్టుకోకండి. 250 రూపాయల పుస్తకానికి పది శాతం రాయల్టీ అంటే కాపీకి 25. వెయ్యి కాపీలూ అమ్ముడైతే 25 వేలు, అదీ ఒక్కసారిగా రాదు. మీ ఇంటికి ఒక నెల ఖర్చు కూడా కాదు. సొంత డబ్బుతో అచ్చేయించే ఆలోచన మానుకోండి. పాప చదువుకు దాచిన సొమ్ము అటకెక్కిన పుస్తకాల కట్టలుగా మారడం నాకిష్టం లేదు. ప్రచురణకర్త ఒప్పందం పంపితే అనువాద హక్కులు ఎవరికని రాశారో చూసి సంతకం పెట్టండి.

పన్ను గురించి టెన్షన్ వద్దు. కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు. పత్రికలు మీకిచ్చే డబ్బులో ముందే పన్ను (టీడీఎస్) కోస్తే రిటర్న్ వేసి వెనక్కి తీసుకోండి. రేపు బ్యాంకు లోనుకు వెళ్తే జీతం స్లిప్పు ఉండదు కాబట్టి, ఆ రిటర్న్‌లే మీకు ఆధారం.

కాలేజీ గ్రూపు ఆరోగ్య బీమా ఇస్తుంటే, మానేసిన రోజుతో అది పోతుంది. కుటుంబం మొత్తానికి సొంత పాలసీ ఇప్పుడే తీసుకుంటే, పాత జబ్బులకు బీమా వర్తించే దాకా ఆగాల్సిన గడువు (వెయిటింగ్ పీరియడ్) జీతం వస్తుండగానే మొదలవుతుంది.

పదేళ్లు నిండాక కూడా ఒక్కసారే తెంచుకోనక్కర్లేదు. పెలికాన్లు ఉండే చలికాలం, తాబేళ్లు ఒడ్డెక్కే నెలలు రెండూ తరగతులు నడిచే రోజులే. గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీగా వారానికి రెండు రోజులు ఇస్తారేమో మీ ప్రిన్సిపాల్‌ను అడగండి. నెలకు 8 వేలు వచ్చినా ఎఫ్‌డీ జోలికి వెళ్లే పనుండదు.