ఆట కొనే ముందు కూర్చునే చోటు చూడు

చిరంజీవి మేనల్లుడికి భీమవరం నుంచి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. చెరువు గట్టు మీద ఉన్నాను, పక్కనే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల మోత. "లక్షా పాతిక వేలు పెట్టి మంచి గేమింగ్ పీసీ కట్టించుకోనా, లేక సోనీ వాళ్ల ఆటల పెట్టె (కన్సోల్) పీఎస్5 కొని హాల్లో టీవీకి తగిలించుకోనా మావయ్యా" అన్నావు. వయసు ముప్పై రెండు, ఎనిమిది నెలల పాప, ఇంట్లోనే కూర్చుని చేసే హైదరాబాదు ఉద్యోగం, పక్క గదిలో మా అక్క. ఈ నాలుగింటిలో ఒక్కటీ చెప్పకుండా ప్రశ్న వేశావు. నాకు ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. జవాబంతా ఆ నాలుగింటిలోనే ఉంది.

ఈ సంగతి అడగడానికి నేనే గుర్తొచ్చినందుకు లోలోపల సంతోషంగానే ఉంది. యాభై రెండేళ్లవాడికి వీడియో గేములేమిటని మీ అత్తయ్య పుట్టింటివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. తెల్లవార్లూ పేకాట ఆడితే నవ్వరు, సంక్రాంతికి మూడు రోజులు బరి దగ్గరే నిలబడినా నవ్వరు. సరే, అది వేరే గొడవ.

ఈ పీసీ, కన్సోల్ విషయంలో నేను కాలవ నీళ్లూ తాగాను, బోరు నీళ్లూ తాగాను. 2002లో ఇక్కడ ఎనిమిది కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టినప్పుడు నువ్వు ఇంకా పలక పట్టుకుని తిరుగుతున్నావు. గంటకు ఇరవై రూపాయలు. ఈమెయిల్ చూసుకోవడానికి వచ్చేవాళ్లకన్నా కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట కోసం వచ్చే ఇంజినీరింగ్ కుర్రాళ్లే ఎక్కువ. నలుగురు ఈ వైపు, నలుగురు ఆ వైపు, మధ్యలో అరుపులు. వాళ్లు వెళ్లిపోయాక షట్టర్ సగం దించి నేను కోటలు కట్టి సైన్యాలు నడిపే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆట తెరిచేవాడిని. అప్పుడు కూర్చున్నది ప్లాస్టిక్ కుర్చీ. రాత్రి రెండు దాటినా నడుముకు ఆ సంగతే తెలిసేది కాదు.

2018లో, నువ్వు ఇప్పుడు నిలబడిన చోటే నేనూ నిలబడ్డాను. నెట్ సెంటర్ మూసేసి చాలా ఏళ్లయింది. రొయ్యల మేత వ్యాపారంలో లెక్కలు చూసే పని, పగలంతా కంప్యూటర్ ముందే. చేతిలో కాస్త డబ్బు ఆడింది. విడిభాగాలు ఒక్కొక్కటే తెప్పించుకుని నా చేతులతోనే పీసీ కట్టుకున్నాను. ఆ సంబరాన్ని తక్కువ చేసి చెప్పను. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు బఠాణీ గింజంత పెట్టి, ఫ్యాను బిగించి, ఊపిరి బిగబట్టి బటన్ నొక్కితే తెర వెలిగిందే, ఆ క్షణం ఈ రోజుకీ గుర్తుంది.

ఆ తరువాతే అసలు కథ. పగలు తొమ్మిది గంటలు లెక్కల కుర్చీ. రాత్రి భోజనమయ్యాక మళ్లీ అదే కుర్చీ, అదే బల్ల, అదే కీబోర్డు. మౌస్ మీద చేయి పడగానే మనసు రేపటి బిల్లుల మీదికి పోయేది. ఆట మధ్యలో ఆపి, పక్కన తెరిచి ఉన్న ఎక్సెల్‌లో ఎవరి బాకీయో సరిచూసిన రాత్రులున్నాయి. మిగిలిన సమయం సెట్టింగులకు పోయేది. ఆటలో నీడలు మీడియంలో ఉంచాలా, హైలో పెట్టాలా? గ్రాఫిక్స్ కార్డుకు కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేస్తే నయమా, పాతదే నయమా? మూలన సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే ఫ్రేముల అంకె 60 దగ్గర నిలవకుండా 54కు ఎందుకు జారుతోంది? ఒక ఆదివారం కూర్చుని లెక్క వేస్తే ఆ వారంలో ఆడింది గంటన్నర, అమర్చింది నాలుగు గంటలు. లెక్కలు రాసేవాడిని కదా, ఆ అంకె నన్ను చాలా రోజులు వదల్లేదు.

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది. డిస్కు పెట్టే రకం అప్పట్లో 49,990 రూపాయలు. స్టాకు దొరక్క నా చేతికి అందేసరికి ఏడాది దాటింది. ఇంటికి తెచ్చి, పడక కుర్చీని టీవీ ముందుకు లాక్కుని, కాళ్లు బార్లా చాపి కంట్రోలర్ పట్టుకున్నాను. ఆ రాత్రి గంటసేపు ఆడాక గాని తెలియలేదు, ఆ గంటలో ఒక్క బాకీ కూడా గుర్తు రాలేదని. ఆట గొప్పదని కాదు. వీపుకు తగిలిన కుర్చీ వేరు, అంతే.

అందుకే నీకు చెప్పేది ఇది. ఏ యంత్రం గొప్పదన్నది ముందు పక్కన పెట్టు. ఎక్కడ కూర్చుంటే నీ ఉద్యోగం నిన్ను వదిలిపెడుతుందో అది చూసుకో. నువ్వు రోజంతా రెండు మానిటర్ల ముందు కూర్చుని కోడ్ రాసేవాడివి. రాత్రి ఆట కోసం మళ్లీ ఆ గదిలోకే వెళ్లి ఆ తలుపే వేసుకుంటే, నువ్వు ఆడుతున్నావో పని చేస్తున్నావో మీ ఆవిడకు బయటినుంచి తెలియదు. కొన్నాళ్లకు నీకూ తెలియదు. రోజంతా కుట్టుమిషన్ మీద కూర్చున్న దర్జీ రాత్రి సరదాకు మళ్లీ మిషన్ తొక్కుతాడా?

ఇంకో సంగతి, దీన్ని నీ వయసులో ఎవరూ పట్టించుకోరు. నలభై దాటాక చత్వారం వస్తుంది. పుస్తకానికి అద్దాలు కావాలి, దూరానికి అక్కర్లేదు. మానిటర్ ఉండేది మాత్రం సరిగ్గా ఆ మధ్యలో, మూర దూరం దాటి. అద్దాలు పెట్టుకుంటే మసక, తీస్తే ఇంకో రకం మసక. మెడ వెనక్కి వంచి అద్దాల కింది భాగంలోంచి శత్రువు కోసం వెతుక్కుంటూ నేను పడిన పాట్లు మీ అత్తయ్య ఇప్పటికీ అభినయించి చూపిస్తుంది. ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న 43 అంగుళాల టీవీ అద్దాలు లేకుండానే శుభ్రంగా కనిపిస్తుంది. నీకు ఇంకా ఎనిమిది పదేళ్లు గడువుందిలే.

ఇక మన ఊళ్ల కరెంటు. హైదరాబాదులో కూర్చుని సలహాలిచ్చేవాళ్లకు ఈ బాధ తెలియదు. పాలకొల్లులో మీ వీధి చివరినుంచే చెరువులు మొదలవుతాయి. రాత్రయ్యే కొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజాముకు మరీ పడిపోతుంది. అందుకే ప్రతి చెరువు మీదా ఏరేటర్లు తిరగడం మొదలవుతుంది. అన్నీ అందుకున్న వేళ గదిలో ట్యూబ్‌లైటు ఒక్కసారి మినుకుమంటుంది, యూపీఎస్ కీచుమంటుంది. పాప నిద్రపోయాక నీకు ఆడుకోవడానికి దొరికేది కూడా సరిగ్గా ఆ వేళే. నా పీసీలో కొట్టువాడు అంటగట్టిన నాసిరకం పవర్ సప్లై అలాంటి ఒక రాత్రి టప్పుమని పేలి, గదంతా కాలిన వాసన నింపింది. బుద్ధి వచ్చింది. ఏది కొన్నా ముందు ఇంటి ఎర్తింగ్ చూపించు. పీఎస్5 ఆట నడుస్తున్నప్పుడు ఇంచుమించు 200 వాట్లు తీసుకుంటుంది. గట్టి గ్రాఫిక్స్ కార్డున్న పీసీ 400 దాటుతుంది. మొదటిదాన్ని ఇంట్లో ఉన్న సైన్‌వేవ్ ఇన్వర్టరే మోస్తుంది, వెనక స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకో. రెండోదానికి విడిగా పెద్ద యూపీఎస్ కావాలి. పైగా మే నెలలో, తలుపు వేసిన గదిలో 400 వాట్ల యంత్రమంటే చిన్న హీటరు పెట్టుకున్నట్టే.

పీసీ పెట్టెలో ఖాళీ ఎక్కువ, వెచ్చదనం ఎక్కువ. ఒక వానాకాలంలో పక్క రేకు విప్పితే పవర్ సప్లై మూలన చీమలు తెల్లటి గుడ్లతో సహా కాపురం పెట్టి ఉన్నాయి. అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న మీ పెద్దమ్మ ఇంట్లో ర్యామ్ (కంప్యూటర్ మెమరీ పలక) అంచుల మీద మసక పొర పట్టి కంప్యూటర్ అసలు లేవడమే మానేసింది. పెన్సిల్ రబ్బరుతో సుతారంగా రుద్ది పెడితే లేచింది. ఇందులో పీసీకి ఒక మార్కు ఇవ్వాలి: రేకు విప్పి మన చేత్తో బాగు చేసుకోవచ్చు. కన్సోల్ మొండికేస్తే దాన్ని పెట్టెలో పెట్టి నగరానికి పంపించాల్సిందే.

పాప ఏడ్చినప్పుడు ఏమిటి? కన్సోల్ అయితే బటన్ నొక్కి రెస్ట్ మోడ్‌లో పెట్టి లేచిపోతావు. గంట తరువాత వస్తే ఆట అదే అడుగు దగ్గర నిలబడి ఉంటుంది. ఒక చిక్కుంది. పీఎస్5 ఆ స్థితిని మెమరీలో పట్టుకుని ఉంచుతుంది కాబట్టి మధ్యలో కరెంటు పోతే అది కూడా పోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్ ఎక్స్‌బాక్స్‌లో క్విక్ రెజ్యూమ్ అనేది ఆ స్థితిని స్టోరేజీలో రాసి పెడుతుంది, ప్లగ్గు పీకినా చెక్కుచెదరదు. నువ్వు ఆడాలనుకునే ఆటలు రెండింటిలోనూ ఉంటే, మన కరెంటుకు ఇది చిన్న విషయం కాదు. ఆన్‌లైన్ పోటీలు మాత్రం ఎందులో ఆడినా ఆగవు. పాప నడక నేర్చేదాకా వాటి జోలికి పోకు.

పీసీని టీవీకి తగిలిస్తే రెండూ కలిసొస్తాయి కదా అని నీకు తట్టే ఉంటుంది. నాకూ తట్టింది. పది మీటర్ల హెచ్‌డీఎంఐ తీగ కిటికీ ఊచల్లోంచి హాల్లోకి లాగాను. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో బిగ్ పిక్చర్ అని టీవీ కోసమే 2012లో తెచ్చిన రూపం ఉంది, బాగానే ఉంటుంది. కానీ సరిగ్గా కథ రసపట్టులో ఉండగా విండోస్ అప్‌డేట్ చీటీ పైకి లేచి, దాన్ని మూయడానికి మౌస్ కోసం లోపలి గదిలోకి పరుగెత్తాలి. నాలుగో రోజు మీ అత్తయ్య ఆ తీగకు కాలు తగిలి పడబోయింది. ఐదో రోజు తీగ చుట్టి అటక మీద పెట్టాను.

పీసీ వైపు న్యాయం కూడా చెప్పాలి. ఆటలు చౌక. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే నచ్చలేదని డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆన్‌లైన్‌లో ఆడటానికి విడిగా చందా ఉండదు. పీఎస్5లో ఉచిత ఆటలు తప్ప మిగతావాటికి ఆన్‌లైన్ పోటీ కోసం ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి, కొత్త పెద్ద ఆట ఒక్కొక్కటి దాదాపు ఐదు వేలు. సైన్యాలు నడిపే ఆటలకైతే మౌస్ ముందు కంట్రోలర్ చెల్లదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ను 2023 జనవరిలో ఎక్స్‌బాక్స్‌లోకి తెచ్చారు. మా మిత్రుడి ఇంట్లో ఆడి చూశాను, చాలా తెలివిగానే అమర్చారు. అయినా రైతులను అడవికీ పొలానికీ పంచేసరికి నా కోట కూలింది. పైగా సోఫాలోంచి చూస్తే ఆ సన్నటి అక్షరాలు ఆనవు. నీ ప్రాణం అలాంటి ఆటల మీదే ఉంటే ఈ ఉత్తరం చించేసి పీసీ కట్టుకో. నాకు తెలిసి నీకు కథ ఉన్న ఆటలూ కార్ల పందేలూ ఇష్టం. నేను కూడా 2018 పీసీని అమ్మలేదు. నెలకు ఒకటి రెండు ఆదివారాలు మధ్యాహ్నం పూట దాని మీద ఆ పాత కోటలు కడుతూనే ఉంటాను.

కొంటే డిస్కు పెట్టే కన్సోలే కొను. కాస్త డబ్బు మిగులుతుందని డిస్కు లేనిదానికి ఆశపడకు. ఆట అయిపోయాక డిస్కు అమ్ముకోవచ్చు, తాడేపల్లిగూడెంలో ఉన్న నీ స్నేహితుడితో మార్చుకోవచ్చు. పెద్ద ఆటలు వంద జీబీ ఉంటాయి. మీ ఇంటి 50 ఎంబీపీఎస్ లైను మీద దించడానికి నాలుగున్నర గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకపోతే. టీవీలో గేమ్ మోడ్ తప్పకుండా వెయ్యి. అది లేకపోతే బొమ్మకు మెరుగులు దిద్దడంలో టీవీ పదో వంతు సెకను దాకా తినేస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో అది ఆరు ఫ్రేములు. నువ్వు బ్రేకు నొక్కేసరికి కారు గోడలో ఉంటుంది. కంట్రోలర్ మీద బొటనవేళ్లతో తిప్పే పుల్లలు కొన్నాళ్లకు అరిగి, ముట్టుకోకపోయినా బొమ్మ పక్కకు జారుతుంది. అప్పుడు భయపడకు, కొత్త కంట్రోలర్‌కు డబ్బు ఇప్పటినుంచే పక్కన పెట్టు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మీ అమ్మ. హాల్లో టీవీ ఆవిడది. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా సీరియళ్లు, ఆ వేళ రిమోట్ ముట్టుకున్నవాడు ఆ ఇంట్లో ఇంతవరకు బాగుపడలేదు. మా నాన్నగారు కూడా అడిగి మార్చుకునేవారు. కాబట్టి పది దాటాకే నీ వంతు అనుకో. లేదంటే మూలన పడి ఉన్న పాత 32 అంగుళాల టీవీని వెనక వరండా గదిలో గోడకు కొట్టించు, ఒక దివాన్ వేసుకో. పని గదిలో మాత్రం పెట్టవద్దు.

మీ ఆవిడను అడిగావా? "ఏదో ఒకటి కొనుక్కోండి" అని ఉంటుంది. ఆ మాటకు అర్థం నీకూ తెలుసు, నాకూ తెలుసు. రెండో కంట్రోలర్ మొదటిరోజే కొను. ఇట్ టేక్స్ టూ అని 2021లో వచ్చిన ఆట ఉంది, ఒక్కరే ఆడటం దానిలో కుదరనే కుదరదు, పక్కన ఇంకొకరు ఉండి తీరాలి. మీ అత్తయ్య మొదట పది నిమిషాలు కంట్రోలర్‌ను పెనం మీది అట్లకాడలా పట్టుకుంది. నెల తిరిగేసరికి "మీరు ఆ గోడ దూకలేరు, ఇటివ్వండి" అని నా చేతిలోంచి లాక్కుంది.

వచ్చే శనివారం ఎలక్ట్రీషియన్‌ను మీ ఇంటికి పంపుతున్నాను, ఎర్తింగ్ చూస్తాడు. అతనికి కాఫీలో చక్కెర వద్దని అక్కతో చెప్పు. అంతవరకు ఏదీ ఆర్డరు పెట్టకు.

ఇట్లు,
మీ మావయ్య