పొద్దున తిరిగిన రోబో సాయంత్రం ఎందుకు తిరగదు?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఏడో తరగతి. వాళ్ల మేనమామ రెండు చక్రాల రోబో కొనిచ్చాడు. ట్యాబ్‌లో రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి పేర్చి దాన్ని నడిపిస్తున్నాడు. చతురస్రంలా తిరిగి రమ్మంటే పొద్దున బుద్ధిగా వచ్చింది. సాయంత్రం అదే ప్రోగ్రామ్‌కి సోఫా కిందికి పోయింది. వాడికి ఏడుపు ఒక్కటే తక్కువ. తప్పెక్కడ? ఇంతకీ ఈ బ్లాకులు అసలు ప్రోగ్రామింగేనా?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: ముందు సెల్స్ చూడండమ్మా, పిల్లాణ్ణి ఏమీ అనకండి. వాడు 'రిపీట్ 4' లోపల '1 సెకను ముందుకు, 0.6 సెకను కుడికి' అని పెట్టి ఉంటాడు. 0.6 సెకను తిరగమన్నాడే గానీ, 90 డిగ్రీలు తిరగమనలేదు కదా! మామూలు సెల్ కొత్తలో 1.5 వోల్టులు. వాడేకొద్దీ అది తగ్గుతుంది, మోటారు నెమ్మదిస్తుంది. అదే 0.6 సెకనులో రోబో తక్కువ తిరుగుతుంది.

నేలా తేడా చేస్తుంది. రిటైరయ్యాక మా ఊరి బడి ల్యాబ్‌లో పిల్లలతో కూర్చుంటున్నాను. టైల్స్ మీద సరిచూసుకున్న అంకె నాపరాళ్ల వరండాలో పనికిరాలేదు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, పది నిమిషాలు ప్రోగ్రామ్‌నే తిట్టాను.

ఇలా చేయించండి. 'ముందుకు' బ్లాకు తీసేసి, మలుపు మాత్రమే నాలుగుసార్లు తిప్పమనండి. మొదట రోబో ఎటు చూస్తోందో సుద్దతో గీత గీయాలి. ఒక్క మలుపులో పది డిగ్రీల తేడా కంటికి ఆనదు. నాలుగు మలుపులకు అది 40 అవుతుంది, దాచినా దాగదు. 360కి బదులు 320 తిరిగితే మలుపుకి 80. ఇక త్రైరాశికమే: 0.6ని 90తో గుణించి 80తో భాగిస్తే 0.675 సెకను. ఆ అంకెను 'మలుపు' అనే వేరియబుల్‌లో (అంటే అంకెను దాచుకునే, పేరున్న డబ్బాలో) పెట్టుకుంటే, సెల్స్ మార్చినప్పుడల్లా ఒక్కచోట దిద్దితే చాలు.

రోబో అడుగున నేలవైపు చూసే సెన్సర్లుంటే నల్ల ఇన్సులేషన్ టేప్ అంటించి, దాని వెంట నడిచేలా రాయమనండి. అప్పుడు సెకన్ల గొడవే ఉండదు.

ఇక రెండో ప్రశ్న. ప్రోగ్రామింగే, అనుమానం వద్దు. గణితవేత్త సీమోర్ పాపర్ట్ బృందం 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తెచ్చింది. అందులో స్క్రీన్ మీద 'తాబేలు' అనే బొమ్మ చేత చతురస్రం గీయించేదీ ఇలాగే: నాలుగుసార్లు ముందుకు, కుడికి 90. స్క్రీన్ మీది తాబేలుకు సెల్స్ ఉండవు కాబట్టి దారి తప్పదు, అంతే తేడా. 2007లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్క్రాచ్ కూడా ఇలాంటి బ్లాకుల భాషే. అందులోని రిపీట్ (మళ్లీ మళ్లీ చెయ్యి), ఇఫ్ (ఇలా అయితే), వేరియబుల్ అనే ఆలోచనలు రేపు వాడు అక్షరాలు టైప్ చేసి రాసే పైథాన్ భాషలోనూ కనిపిస్తాయి. బ్లాకుల్లో మాత్రం పైథాన్‌లోలా కోలన్ (:) గుర్తు మర్చిపోయాననే టెన్షన్ లేదు.

అన్నట్టు, సోఫా కిందికి వెళ్లొచ్చిందన్నారు కదా, చక్రాల ఇరుసులు చూడండి. వెంట్రుకలు చుట్టుకుని ఉంటే రోబో ఒక పక్కకే లాగుతుంది. అవి తీశాకే కొలతలు మొదలుపెట్టండి.