తెల్ల పదార్థం, తెల్ల మచ్చ

చిరంజీవికి ఆశీస్సులు.

మెదడులోని సన్న రక్తనాళాల జబ్బు గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రమపడి రాశావని తెలుస్తూనే ఉంది. అయితే రెండో పేరాలోనే పాఠకుడు తికమకపడతాడు. ‘తెల్ల పదార్థం దెబ్బతింటే తెల్ల మచ్చలు ఏర్పడతాయి’ అన్నావు. ఇందులో మొదటి తెలుపు, నాడీతంతువులను చుట్టి ఉండే మైలిన్ అనే కొవ్వు పొర వల్ల, మెదడును కోసి చూసినప్పుడు కంటికి కనిపించే రంగు. రెండోది ఎమ్మారై చిత్రంలో, కణజాలంలో నీటి శాతం పెరిగిన చోట కనిపించే మెరుపు. నిజానికి ఫ్లెయిర్ అనే రకం చిత్రంలో ఆరోగ్యంగా ఉన్న తెల్ల పదార్థం, నాడీకణాలు గుమిగూడి ఉండే బూడిద పదార్థం కన్నా కాస్త నల్లగానే ఉంటుంది. ఈ సంగతి విప్పి చెప్పకపోతే, తెలుపు మంచిదా చెడ్డదా అన్న దగ్గరే చదివేవాడు ఆగిపోతాడు.

‘రక్తనాళాలు పూడుకుపోవడం స్కానింగ్‌లో కనిపిస్తుంది’ అన్న వాక్యం తీసెయ్యి. అంత సన్నని నాళాలు మామూలు ఎమ్మారైకి అందవు. వాటి వల్ల చుట్టుపక్కల జరిగిన నష్టమే మనకు కనిపిస్తుంది. అందుకే 2013లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వెలువడిన స్ట్రైవ్ ప్రమాణాలు (ఈ జబ్బు ఆనవాళ్లను స్కానింగ్‌లో ఏ పేర్లతో వర్ణించాలో చెప్పేవి) ఈ మచ్చల పేరులోనే ‘రక్తనాళాల వల్ల కలిగినట్టు భావిస్తున్న’ అన్న మాటను చేర్చాయి. ఆ ‘భావిస్తున్న’ను నువ్వు కత్తిరించావు. వాక్యం చురుకుగా తయారైంది, కానీ నిజం పలచబడింది. మెదడు లోతుల్లో ఏర్పడే, ద్రవం నిండిన చిన్న గుంటలైన లాక్యూన్లకు నువ్వు ఇచ్చిన 3 నుంచి 15 మిల్లీమీటర్ల కొలత సరైనదే. సూక్ష్మ రక్తస్రావాల దగ్గర మాత్రం, అవి కనిపించాలంటే రక్తపు జాడను పట్టే ప్రత్యేక చిత్రం తీయాలని ఒక మాట చేర్చు.

ఫాజెకాస్ కొలమానం సంగతి కొంచెం నెమ్మదిగా రాయాలి. 1987లో వచ్చిన ఈ పద్ధతిలో మచ్చలకు 0 నుంచి 3 వరకు అంకెలు వేస్తారు; 0 అంటే మచ్చలు లేవని, 3 అంటే బాగా విస్తరించాయని. నా తొలి రోజుల్లో నేనూ నీలాగే ‘మచ్చలుంటే మతిమరుపు పొంచి ఉన్నట్టే’ అని రాశాను. అది చదివిన ఒక విశ్రాంత ఉద్యోగి, గ్రేడు 1 అని రాసి ఉన్న రిపోర్టు పట్టుకుని వచ్చి, వీలునామా ఇప్పుడే రాసేయమంటారా అని అడిగారు. అరవై దాటిన వారిలో చాలామందికి అలాంటి చుక్కలు కొన్ని ఉంటాయని నేను ఎక్కడా రాయలేదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. మచ్చలు ఎక్కువైన కొద్దీ పక్షవాతం, మతిమరుపు వచ్చే అవకాశం పెరుగుతుంది, నడక కూడా మందగించవచ్చు. నువ్వు నడక మాటే ఎత్తలేదు. ఇంట్లోవాళ్ళు ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకునేది దానికే.

రక్తపోటు మీద స్ప్రింట్ పరిశోధనను ఉదహరించడం బాగుంది. పై అంకెను 120 కన్నా తగ్గించాలని చూసినవారిలో సుమారు 4 ఏళ్లకు మచ్చల పరిమాణం 0.92 ఘన సెంటీమీటర్లు, 140 లోపు ఉంచాలని చూసినవారిలో 1.45 ఘన సెంటీమీటర్లు పెరిగిందని 2019లో వచ్చిన ఫలితాన్ని సరిగానే ఇచ్చావు. కానీ అదే పత్రంలో, మెదడు మొత్తం పరిమాణం మొదటి వర్గంలోనే కాస్త ఎక్కువ తగ్గిందని కూడా ఉంది. తేడా చిన్నదే, అయినా వదిలిపెట్టకు. మన వాదానికి అడ్డొచ్చే అంకెను దాచామని పాఠకుడికి తర్వాత తెలిస్తే మిగతా అంకెలనూ నమ్మడు.

పైకి మామూలుగా కనిపించే తెల్ల పదార్థంలోనూ నీటి కదలిక మారి ఉంటుందని డిఫ్యూజన్ చిత్రాలు పట్టి చూపే తీరును రాసిన భాగం వ్యాసమంతటిలోకీ నాకు నచ్చింది, దాన్ని కుదించకు. శీర్షికలోని ‘మృత్యుఘంటిక’ను తీసేసి, వచ్చే వారంలోగా మళ్ళీ పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు