అంజుని ఎవరైనా అడిగారా?

థ్రిల్లర్లలో ఆడపిల్లల్నీ టీనేజ్ పిల్లల్నీ సరిగ్గా చూపిస్తున్నారా అని అడిగారు. నా మటుకు నాకు లేదనే అనిపిస్తుంది.

2014 జులైలో ‘దృశ్యం’ వచ్చినప్పుడు నేను తెనాలిలో ఇంటర్ సెకండియర్. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళాం. అందులో పెద్ద కూతురు అంజు క్యాంపులో స్నానం చేస్తుంటే ఓ కుర్రాడు సెల్‌ఫోన్లో వీడియో తీసి బెదిరిస్తాడు, వాళ్ళమ్మ కాళ్ళావేళ్ళా పడితే ఆవిణ్ణే రమ్మంటాడు. అంజు ఆ ఫోన్ పగలగొట్టబోతే దెబ్బ వాడి తలకి తగిలి చచ్చిపోతాడు. ఆ కాసేపూ మా అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజులు ఒత్తుకుని నా మణికట్టు మీద గుర్తులు పడ్డాయి.

అక్కణ్ణుంచి సినిమా మొత్తం రాంబాబుదే. కేబుల్ టీవీ నడుపుకునే ఆ తండ్రి పోలీసుల్ని ఎలా ఏమారుస్తాడా అన్న టెన్షన్‌లో మేమూ పడిపోయాం, చప్పట్లూ కొట్టాం. అంజుకి మిగిలిన పనల్లా నాన్న నేర్పిన జవాబులు తడబడకుండా చెప్పడమే. జరిగినదాని గురించి ఆ పిల్లకి ఏమనిపిస్తోందో తీరిగ్గా కూర్చోబెట్టి అడిగేవాళ్ళు లేరు. 2021లో ఓటీటీలో వచ్చిన రెండో భాగంలో అంజుకి పోలీసులంటే వణుకు, మూర్ఛలు. దెబ్బ ఎంత లోతుగా తగిలిందో రాసినవాళ్ళకి తెలుసన్నమాట, అయినా అక్కడ కూడా మన భయమంతా ఈ పిల్ల ఎక్కడ నోరు జారుతుందో అనే.

సినిమా చూసిన మర్నాడు నాన్న ‘నీ మంచికేనమ్మా’ అంటూ నా ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టారు. డిగ్రీ చదువుతున్న అన్నయ్య ఫోన్ జోలికి మాత్రం వెళ్ళలేదు. సినిమాలో వీడియో తీసింది అబ్బాయి ఫోనే కదా!

ఆ రోజుల్లోనే నా ఫ్రెండ్ ట్యూషన్ మానేసింది. తనకి తెలీకుండా తీసిన ఫోటో ఉందని అక్కడి కుర్రాడొకడు వెంటపడేవాడు. ఇంట్లో చెప్పవే అంటే, ‘మా నాన్న రాంబాబు కాదే, ముందు నన్నే కొడతాడు’ అంది. నేనూ ఎవరికీ చెప్పలేదు, అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచే ఉంది, మాకెవరికీ ఆ పేరే తెలీదు. సినిమాలోనూ ఫిర్యాదు చేసే దారి కనిపించదు, ఆ కుర్రాడి తల్లే పోలీసు ఐజీ మరి.

2019లో వచ్చిన ‘రాక్షసుడు’ స్కూలు ఆడపిల్లల్ని వరసగా చంపే హంతకుడి కథ, అది చూస్తే ఇంకో బాధ. గిఫ్ట్ ప్యాక్‌లోంచి బయటపడే బొమ్మ తల నాకు బాగా గుర్తుంది, చనిపోయిన స్కూలు పిల్లల మొహాలు గుర్తులేవు. పైగా ఆ హంతకుడి పగ మొదలైంది ఒకమ్మాయి వాణ్ణి కాదని ఎగతాళి చేసినందుకట, అది నాకు అస్సలు మింగుడుపడలేదు. అందులో ఆడపిల్లల్ని వేధించే మాస్టారి సీన్లు మాత్రం నిజాయితీగా ఉన్నాయి.

ఇక అబ్బాయిలు. ‘దృశ్యం’లో తప్పు చేసేవాడు గారాబంతో చెడిపోయిన పెద్దింటి కొడుకు. మా ట్యూషన్‌లో వాడు అలాంటివాడు కాదు, మామూలు ఇంటి పిల్లాడే, మంచి మార్కులు తెచ్చుకునేవాడు, సార్‌కి వాడంటే ఇష్టం కూడా. వాడి కథ ఎవరైనా తీస్తే మొదటి ఆటకే వెళ్తాను, వాళ్ళ నాన్న వాడి చేతిలోంచి ఆ ఫోన్ తీసుకుని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడే సీన్ ఒక్కటి ఉంటే చాలు.