సగం ఎనర్జీ ఎటు పోయింది?

ప్రశ్న: సార్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని (చార్జ్ దాచుకునే భాగం) 10 వోల్టులకి చార్జ్ చేసి, అలాంటిదే ఇంకో ఖాళీ దానికి కలిపితే రెండిట్లో 5 వోల్టులే ఉన్నాయి, లెక్కేస్తే 5 మిల్లీజౌల్స్ కాస్తా 2.5 అయింది, మిగతాది ఏమైంది?
– ఇంటర్ స్టూడెంట్, ఖమ్మం

జవాబు: చార్జ్ మొత్తం అలాగే ఉంది బాబూ, పోయింది ఎనర్జీయే, వైర్ల రెసిస్టెన్స్‌లో వేడిగా పోయింది, కలిపేటప్పుడు చిటుక్కుమంటే స్పార్క్‌లో కూడా కొంత పోతుంది. తమాషా ఏంటంటే మందం వైరు వేసినా నష్టం అదే సగం, ఎందుకంటే రెసిస్టెన్స్ తగ్గినకొద్దీ కరెంటు పెరుగుతుంది, పని తొందరగా అయిపోతుంది, మొత్తం వేడి మాత్రం మారదు.

ఎనర్జీ వేడిగానే పోయిందని నమ్మబుద్ధి కాకపోతే మధ్యలో ఒక ఇండక్టరూ (తీగ చుట్ట, అంటే కాయిల్) డయోడూ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) సిరీస్‌లో పెట్టి చూడు: ఎనర్జీ ముందు కాయిల్ మాగ్నెటిక్ ఫీల్డ్‌లోకి వెళ్లి అక్కణ్ణించి రెండో కెపాసిటర్‌లోకి దిగుతుంది, డయోడ్ దాన్ని వెనక్కి రానివ్వదు, కాయిల్ మంచిదైతే రెండోది 9 వోల్టుల దగ్గరికి వచ్చేస్తుంది, మొదటిది దాదాపు ఖాళీ.