గంట నడిచాక నిలబడిపోయే పాత హైడ్రోస్టాటిక్ ట్రాక్టర్: పంపు విప్పించే ముందు ఏం చూడాలి?

నమస్కారమండి. పొద్దున బాగానే లాగే మీ పాత ట్రాక్టర్, రోటావేటర్ వేసి గంటసేపు నడిపాక ఇంజన్ మోత ఏమాత్రం తగ్గకుండానే నిలబడిపోతున్నదని, పంపు మార్చాల్సిందేనని మెకానిక్ అంటున్నారని రాశారు. తెనాలి దగ్గర మా నిమ్మతోటలో చెట్ల మధ్య ముందుకూ వెనక్కూ తిరగడానికి వీలుగా ఉంటుందని సెకండ్ హ్యాండులో కొన్న చిన్న జపాన్ ట్రాక్టర్ నన్ను సరిగ్గా ఇలాగే ఇబ్బంది పెట్టింది. నేను తొందరపడి విజయవాడ ఆటోనగర్‌లో పంపు విప్పించాను. సీళ్లు మార్చి బిగించి ఇచ్చారు, వారం తిరగకుండానే బండి మళ్లీ తోటలో ఆగిపోయింది. ఆ ఖర్చు మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంజన్ మోత తగ్గలేదన్న మీ మాట చాలా ముఖ్యం. హైడ్రోస్టాటిక్ బండిలో పంపు ఒత్తిడితో తోసే ఆయిలే లోపలి మోటారును తిప్పి చక్రాలను కదిలిస్తుంది. బరువు ఎక్కువై ఇంజన్ కుంగిపోతే లోపం డీజిల్ వైపో, ఇంజన్ వైపో ఉంటుంది. ఇంజన్ తేలిగ్గా తిరుగుతూనే చక్రాలు ఆగాయంటే, ఆయిల్ ద్వారా అందవలసిన బలం దారిలోనే జారిపోతున్నదని అర్థం. అయితే జారడానికి పంపు అరగడమొక్కటే కారణం కాదు.

ఈసారి బండి ఆగినప్పుడు రోటావేటర్‌ను నేలకు దించి, ఇంజన్ ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. పంపు, మోటారు లోపల అరిగి ఉంటే, వేడికి పలచబడిన ఆయిల్ ఆ సందుల్లోంచి కారిపోతుంది కనుక, ఆయిల్ బాగా చల్లారే దాకా, అంటే కొన్ని గంటల పాటు, బండి నీరసంగానే ఉంటుంది. అలా కాకుండా ఆయిల్ ఇంకా కాలుతుండగానే బండి మళ్లీ మామూలుగా కదిలి, కొంతసేపటికి తిరిగి ఆగిపోతే మాత్రం సక్షన్ జల్లెడనే, అంటే పంపు ఆయిల్ పీల్చుకునే దారిలో ఉండే వడపోత జాలీనే, ముందు అనుమానించాలి. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ చెత్త జల్లెడకు అతుక్కుని దారి మూస్తుంది, ఇంజన్ ఆగగానే వదిలి కిందికి దిగిపోతుంది.

మా బండిలో జరిగింది ఇదే. గేర్ బాక్స్ ఆయిల్ మొత్తం తీసి జల్లెడ బయటికి లాగితే, ఒక పక్కంతా చింతపండు పీచులాగా ఎర్రటి రబ్బరు పోగులు అల్లుకుని ఉన్నాయి. అంతకుముందు ఎవరో గేర్ బాక్స్ విప్పి బిగించేటప్పుడు గాస్కెట్ పేస్టు మరీ ఎక్కువగా పూయగా, లోపలికి పొంగిన భాగం ఊడి ఆయిల్‌లో తిరుగుతూ వచ్చి అక్కడ చేరింది. డీజిల్‌తో కడిగి ఆరబెట్టి, కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ వేశాక ఆ లోపం మళ్లీ రాలేదు. ఆయిల్ మాత్రం మీ బండి మాన్యువల్‌లో రాసిన ట్రాన్స్‌మిషన్ ఆయిలే పోయండి; ఇంజన్ ఆయిల్‌తో సరిపెట్టవద్దు.

పాత ఫిల్టర్‌ను పారేయకుండా కోసి చూడండి. అయస్కాంతానికి అంటని, ఇత్తడి రంగులో మెరిసే రజను కనిపిస్తే పంపు లోపలి భాగాలు నిజంగానే అరుగుతున్నాయన్నమాట, అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం కావచ్చు. ఆయిల్ పాలలాగా తెల్లబడితే దమ్ము చేసేటప్పుడు సీళ్ల గుండా నీరు చేరిందని గ్రహించాలి. నురుగు వస్తూ, పంపు కీచుమంటూ ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది: సక్షన్ పైపు క్లిప్పులు, ఓ-రింగులు చూడండి. చాలా బండ్లలో లిఫ్టుకూ ఇదే ఆయిల్ వెళుతుంది కనుక, బండి నీరసించినప్పుడు లిఫ్టు కూడా మెల్లగా లేస్తుంటే రెండింటికీ ఉమ్మడి దారిలోనే లోపం వెతకాలి.

మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆయిల్ కూలర్ రెక్కల మధ్య దూది, ఊక పట్టి ఉంటే వెనక వైపు నుంచి గాలి కొట్టి శుభ్రం చేయండి. డ్రైవరుకు కూడా ఒక మాట చెప్పాలి: లాగలేకపోతున్నప్పుడు పెడల్ ఇంకా లోతుగా తొక్కడం గేర్ల బండి అలవాటు. హైడ్రోస్టాటిక్‌లో పెడల్ పూర్తిగా తొక్కితే వేగం పెరిగి లాగే బలం తగ్గుతుంది, కొంచెం వదిలితేనే లాగుతుంది.

ఇవన్నీ చూశాక కూడా మార్పు లేకపోతే, ఛార్జి పంపు (పెద్ద పంపుకు ఆయిల్ అందించే చిన్న పంపు) ప్రెజర్‌ను గేజి పెట్టి, ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కాలినప్పుడు ఒకసారి కొలిచి సర్వీసు మాన్యువల్‌లోని అంకెతో పోల్చమని మెకానిక్‌ను గట్టిగా అడగండి. ఆ కొలత చూడకుండా పంపు విప్పడానికి ఒప్పుకోవద్దు. ఎక్కడైనా సన్నగా ఆయిల్ చిమ్ముతుంటే చేత్తో తడిమి చూడకండి, ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి.

ఆపిన తరువాత ఎన్ని నిమిషాలకు కదిలిందో, జల్లెడలో ఏం దొరికిందో రాయండి, దాన్నిబట్టి తరువాత ఏం చూడాలో చెబుతాను.