చోడి (రాగి) మొలకల ప్రయోగం: మీ ఎన్ (విడివిడి నమూనాల సంఖ్య) 30 కాదు

మొలకల మీద ఉప్పు ప్రభావం చూడ్డానికి మీరు పెట్టింది ఉప్పునీళ్ళ ట్రే ఒకటి, మామూలు నీళ్ళ ట్రే ఒకటి, ఒక్కోదాంట్లో 30 మొలకలు. పీ విలువ (ఉప్పు ప్రభావమేమీ లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) అంత చిన్నగా వచ్చినా మీ గైడు ఒప్పుకోకపోవడానికి కారణం, ఇక్కడ ఒక్కో రకం నీళ్ళకి ఎన్ 1 మాత్రమే. ఉప్పు వేసింది ట్రేకి, మొక్కకి కాదు. విజయనగరం ఎండకి కిటికీ పక్కనున్న ట్రే ముందే ఎండిపోతుంది; అది ఉప్పు ప్రభావమో, ఎండదో తేలదు. మళ్ళీ ఇలా చేయండి:

1. 10 చిన్న కుండీలు, ఒక్కోదాంట్లో 6 మొలకలు. మట్టి ఒకటే.

2. చీటీలు తీసి 5 కుండీలకు ఉప్పునీళ్ళు. బల్లమీద చోటు కూడా చీటీతోనే.

3. అందరూ వదిలేసేది ఇదే: 60 కొలతలనీ టీ-టెస్టులో (రెండు గుంపుల సగటుల తేడాని పరీక్షించే లెక్కలో) పెట్టకండి. కుండీకి ఒక సగటు కట్టి, ఆ 10 సగటులతోనే చేయండి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలోకి తీసుకున్న విలువల సంఖ్యలోంచి గుంపుల సంఖ్య తీసేస్తే వచ్చేది, 10 − 2) 8 రావాలి. 58 వచ్చిందంటే మళ్ళీ మొక్కల్నే లెక్కపెట్టారన్నమాట. రెండువైపుల పరీక్షలో (తేడా ఎటువైపున్నా చూసేది) 5 శాతం స్థాయికి టీ విలువ, మైనస్ గుర్తుంటే వదిలేసి, 2.306 దాటాలి.

పాత డేటా పారేయొద్దు, పైలట్‌గా (ముందస్తు ప్రయత్నంగా) రికార్డులో చూపించండి.